ఆదివారం ఎవరి పక్కన కూర్చుంటారు?

(అమెరికాలో మతానికీ ఓటుకూ ఉన్న సంబంధం గురించి ఒంగోలులో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభికుల ప్రశ్నల్లో రెండింటిని చివర చేర్చాము.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ అమెరికా రాజకీయాల నిపుణుడినన్నారు. కాదండీ. ఒహాయోలో 22 ఏళ్ళు కాలేజీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పిన మాస్టారిని. ఏ అంకె కనబడినా ముందు అనుమానించడం నా వృత్తి. ఆ అనుమానంతోనే ఈ సాయంత్రం మాట్లాడతాను.

అమెరికా పౌరసత్వం వచ్చాక నా మొదటి ఓటు 2004 నవంబరు 2న, కొలంబస్ శివారులో వేశాను. పోలింగ్ కేంద్రం చర్చి కింది గదిలో. మనకు ఓటు అనగానే బడి గుర్తొస్తుంది. అక్కడ బళ్ళతో పాటు చర్చిల్లో కూడా ఓట్లు వేయించడం చాలా మామూలు. ఆ రోజు వాన. వరుస మెట్లెక్కి బయటికి వచ్చి, కార్లు నిలిపే స్థలం చుట్టూ తిరిగింది. నా ముందు ఒక పెద్దాయన గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఆ చర్చి సభ్యులే. "మీరు ఏ చర్చికి వెళ్తారు?" అని అడిగారు. ఆ ప్రాంతంలో అది మన "మీది ఏ ఊరు?" లాంటి ప్రశ్న, తప్పు పట్టడానికి లేదు. గుడికి వెళ్తానన్నాను. "వారం వారమా?" అన్నారు. పండగలకు మాత్రమే అన్నాను. ఆయన తల ఊపి, "మా పెద్దబ్బాయీ అంతే. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు కనబడతాడు" అన్నారు. కాసేపు ఆగి, గొడుగు ఇటు జరిపి, "వాడు కెర్రీకి వేస్తాడు" అన్నారు. ఆ ఏడు అధ్యక్ష పదవికి డెమోక్రాట్ల అభ్యర్థి జాన్ కెర్రీ, రిపబ్లికన్ల అభ్యర్థి అప్పటి అధ్యక్షుడు బుష్.

నేను ఎవరికి వేస్తానో మాత్రం అడగలేదు. అడగనవసరం లేదనుకున్నారేమో. (నవ్వులు)

ఆ పెద్దాయన వానలో చెప్పిన రెండు ముక్కలనే ఆ రాత్రి టీవీలు పెద్ద పట్టికగా చూపించాయి. ఓటు వేసి బయటికి వచ్చినవారిని అడిగి వేసే ఎగ్జిట్ పోల్‌లో, వారానికోసారి ఆరాధనకు వెళ్ళేవారిలో 58 శాతం బుష్‌కు వేశారు. అసలు వెళ్ళనివారిలో బుష్‌కు పడింది 36 శాతం. ఆడ, మగ తేడా కన్నా, పడుచు, ముసలి తేడా కన్నా ఇది పెద్దది. ఇద్దరు అన్నదమ్ములు, ఒకే ఇల్లు, ఒకే రంగు, ఒకే బైబిలు. ఒకడు ఆదివారం పొద్దున చర్చిలో, రెండోవాడు మంచం మీద. ఓటు అక్కడ చీలుతోంది.

ఇక్కడ నా వృత్తి అడ్డం వస్తుంది, ఒక్క నిమిషం ఓర్చుకోండి. మన జనాభా లెక్కల్లో మతం రాసుకుంటారు. అమెరికాలో రాసుకోరు. జనాభా లెక్కల్లో మతం గురించి జవాబు చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదని 1976లో చట్టమే చేశారు. కాబట్టి మతం, ఓటు గురించి మీరు చదివే ప్రతి అంకే ఎవరో ఎవరినో అడిగి రాసుకున్నది. అడిగితే జనం నిజం చెబుతారా? 1993లో అచ్చయిన ఒక అధ్యయనంలో ముగ్గురు పరిశోధకులు మా ఒహాయోలోనే ఆష్టబ్యూలా అనే కౌంటీలో, చర్చిల్లో నిజంగా ఎంతమంది కూర్చుంటున్నారో లెక్క తీశారు. వెళ్తున్నామని చెప్పినవారి సంఖ్యలో దాదాపు సగమే తేలింది. మరి ఆ పట్టిక పనికిరానిదా? నేను అలా అనుకోను. వెళ్ళకుండానే వెళ్ళానని చెప్పే మనిషి, తాను ఎవరి పక్షమో చెబుతున్నాడు. ఎన్నికల వేళ ఆ అబద్ధం కూడా సమాచారమే.

ఇప్పుడు మీకు ఒక సంగతి వింతగా ఉంటుంది. చర్చికి వెళ్ళడమా, మానడమా అన్నది ఓటును చీల్చడం పాత ఆచారం కాదు. మొదట్లో ఏ చర్చి అన్నదే ప్రశ్న. 1928లో ఆల్ స్మిత్ అనే క్యాథలిక్‌ను డెమోక్రాట్లు నిలబెడితే, ఆయన గెలిస్తే పోప్ వచ్చి వైట్‌హౌస్‌లో కాపురం పెడతాడని ప్రచారం నడిచింది. ఘోరంగా ఓడిపోయారు. మళ్ళీ 32 ఏళ్ళకు గానీ ఇంకో క్యాథలిక్‌ను నిలబెట్టే ధైర్యం ఏ పెద్ద పార్టీకీ రాలేదు. ఆయన జాన్ కెనడీ. 1960 సెప్టెంబరులో హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్ల సభకు వెళ్ళి, తాను క్యాథలిక్‌ల అభ్యర్థిని కాననీ, డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిననీ, క్యాథలిక్ కావడం దానికి తోడైన సంగతి మాత్రమేననీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ ఎన్నికలోనే జరిగిన ఇంకో కథ చెబుతాను. దీనికి సమయం పట్టినా ఫర్వాలేదు.

అప్పటికి నల్లవారిలో చాలామంది బాప్టిస్టులు. ఒంగోలులో ఉండి బాప్టిస్టు అన్న మాటకు అర్థం చెప్పనక్కర్లేదు, ఇక్కడికి బాప్టిస్టు మిషనరీగా వచ్చిన క్లౌ దొర పేరు మీకు నాకన్నా బాగా తెలుసు. కాకపోతే ఒక చిన్న పిడకల వేట: మన ఊరికి వచ్చినవారు ఉత్తరాది బాప్టిస్టులు. దక్షిణాదివారు బానిసత్వం విషయంలో తగవు పడి 1845లోనే వేరు కుంపటి పెట్టుకున్నారు. అమెరికాలో చర్చి గీత రంగు గీత మీదుగా పోయిందని అప్పుడే తేలిపోయింది.

సరే, 1960. అట్లాంటాలో ఎబెనేజర్ బాప్టిస్టు చర్చి పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ సీనియర్. మనకు తెలిసిన కింగ్‌కు తండ్రి. అభ్యర్థి క్యాథలిక్ కాబట్టి కెనడీకి వేయనని ఆయన బాహాటంగానే చెప్పారు. అక్టోబరులో కొడుకును అరెస్టు చేసి, జార్జియాలో రీడ్స్‌విల్ జైలుకు తరలించారు. కోడలు కొరెట్టా అప్పుడు కడుపుతో ఉన్నారు. కెనడీ ఆమెకు ఫోను చేసి ధైర్యం చెప్పారు. కింగ్ విడుదలయ్యాక, మామగారు మనసు మార్చుకున్నారు. తన ఓటు, తన మాట వినేవారి ఓట్లు కెనడీకేనన్నారు. మతం పేరు చెప్పి అంతకుముందు ఆయన వద్దన్న సంగతి కెనడీకి తెలిసినప్పుడు అన్న మాట ప్రసిద్ధం: మార్టిన్ లూథర్ కింగ్‌కు ఇలాంటి పక్షపాతం ఉన్న తండ్రా అని ఆశ్చర్యపోయి, సరేలే, మనందరికీ తండ్రులున్నారు కదా అన్నారట. కెనడీ తండ్రికీ అలాంటి పక్షపాతాలున్నాయని తెలిసినవారు నవ్వుకుని ఉంటారు.

ఆ ఫోను కబురు నల్లవారికి ఎలా చేరింది? పెద్ద పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. కెనడీ మనుషులు నీలం కాగితం మీద చిన్న కరపత్రం అచ్చువేసి, పోలింగ్‌కు ముందు ఆదివారం నల్లవారి చర్చిల వాకిళ్ళలో పంచారు. ఆ రోజు, ఆ చోటు ఎందుకంటే, మంగళవారం ఓటు వేయబోయే మనిషి ఆదివారం ఎక్కడ దొరుకుతాడో వారికి తెలుసు. దేశమంతటా కలిపి కెనడీకి వచ్చిన ఆధిక్యం సుమారు లక్షా పన్నెండు వేల ఓట్లు. కరపత్రమే గెలిపించిందని నేను చెప్పను, అలా రుజువు చేసే లెక్క నా దగ్గర లేదు. కానీ గాలప్ సర్వేల ప్రకారం 1956లో శ్వేతజాతేతరుల్లో రిపబ్లికన్లకు 39 శాతం ఉండేది, 1960లో 32 అయింది, పౌరహక్కుల చట్టం వచ్చిన 1964లో 6కు పడిపోయింది. ఆ తలుపు మళ్ళీ పూర్తిగా తెరుచుకోలేదు.

దీనివల్లనే మొదట చెప్పిన సూత్రానికి పెద్ద చిల్లు పడుతుంది. వారం వారం చర్చికి వెళ్ళేవారు రిపబ్లికన్లకు వేస్తారంటే, నల్లవారు అందరికన్నా ముందు వేయాలి. అమెరికాలో వారికన్నా ఎక్కువగా ప్రార్థించే సమూహాలు తక్కువ. అయినా 2004లో వారిలో 88 శాతం కెర్రీకి వేశారు. బైబిలు అదే, వాక్యమూ అదే. కానీ ఆ బల్లల మీద కూర్చున్నవారి జ్ఞాపకాలు వేరు. బానిసత్వం నుంచి జనం బయటపడ్డ నిర్గమకాండం చదివినప్పుడు ఒక చర్చిలో అది పాత కథ, ఇంకో చర్చిలో తాతల కథ. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సులెక్కి నేరుగా ముందస్తు పోలింగ్‌కు వెళ్ళడం వారికి ఇప్పటికీ ఆనవాయితీ. అదే ఎబెనేజర్ చర్చి పాస్టరు రాఫేల్ వార్నాక్ 2021 జనవరిలో జార్జియా నుంచి సెనేటరుగా గెలిచారు.

తెల్లవారి చర్చిల సంగతికి వద్దాం. ఎవాంజెలికల్ అన్న మాట తరచూ వింటారు. మన సంఘాల్లో మారుమనసు, తిరిగి జన్మించడం అంటారే, ఆ అనుభవాన్ని ప్రధానంగా పట్టుకున్నవారు. 1976లో జిమ్మీ కార్టర్ తాను అలాంటివాడినని చెప్పుకుని డెమోక్రాట్‌గా గెలిచారు. ఆదివారం బడిలో పాఠాలు చెప్పే మనిషి. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే చర్చిలు ఆయన్ను వదిలి, విడాకులు తీసుకున్న హాలీవుడ్ నటుడు రీగన్ వెంట నడిచాయి. ఎందుకు?

గర్భస్రావాన్ని హక్కుగా గుర్తిస్తూ 1973లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే కారణమని అందరూ చెబుతారు. అంత సులువు కాదు. దక్షిణాది బాప్టిస్టులు 1971లో కొన్ని పరిస్థితుల్లో గర్భస్రావాన్ని అనుమతించాలని తీర్మానం చేసినవారే. ఆ కోపం తర్వాత పెరిగింది. అంతకుముందు రాజుకున్న నిప్పు ఇంకొకటి ఉంది: జాతి వివక్ష పాటించే క్రైస్తవ విద్యాసంస్థలకు పన్ను మినహాయింపు తీసేయడం. బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం దీని మీద సుప్రీంకోర్టుదాకా వెళ్ళి 1983లో ఓడిపోయింది. 1979లో జెర్రీ ఫాల్‌వెల్ అనే పాస్టరు మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థ పెట్టారు. 1980 ఆగస్టులో డల్లాస్‌లో వేలమంది పాస్టర్ల ముందు రీగన్, మీరు నన్ను సమర్థించలేరని నాకు తెలుసు, నేను మిమ్మల్ని సమర్థిస్తున్నాను అన్నారు. అందులో చట్టం తెలిసినవాడి చమత్కారం ఉంది. పన్ను మినహాయింపు ఉన్న చర్చి అభ్యర్థి తరఫున ప్రచారం చేయకూడదని 1954 నుంచి చట్టం. కాబట్టి పాస్టరు పేరు చెప్పేవారు కాదు. ఎన్నికకు ముందు ఆదివారం ఏ అభ్యర్థి దేని మీద ఏమన్నాడో ముద్రించిన కాగితాలు చర్చికి వచ్చినవారి చేతికి అందేవి. 1990లలో క్రిస్టియన్ కోయలిషన్ అనే సంస్థ దీన్ని ఒక పరిశ్రమగా నడిపింది. కెనడీ నీలం కాగితానికి ఇది తెల్ల కాగితం అన్నమాట. (నవ్వులు)

క్యాథలిక్‌ల కథ ఇంకా తమాషా. 1960లో వారిలో నలుగురిలో ముగ్గురికి పైగా కెనడీకి వేశారు. 2004లో మళ్ళీ క్యాథలిక్, మళ్ళీ మసాచుసెట్స్, పేరులో పొడి అక్షరాలు కూడా అవే, జె.ఎఫ్.కె. కానీ క్యాథలిక్ ఓటు బుష్‌కు 52, కెర్రీకి 47. గర్భస్రావం విషయంలో కెర్రీ వైఖరికి, పూజలో ఆయనకు సత్ప్రసాదం ఇవ్వనని సెయింట్ లూయిస్ ఆర్చిబిషప్ అన్నారు. ఒకప్పుడు పోప్ మాట మరీ వింటాడని భయపడిన దేశం, ఇప్పుడు సరిగా వినడం లేదని తప్పు పట్టింది.

అమెరికాలోనే పుట్టిన మత శాఖ మోర్మన్‌ల గురించి ఒక్క మాటతో సరిపెడతాను. వారి కంచుకోట యూటాలో 2012లో తమవాడైన రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీకి దాదాపు 73 శాతం ఇచ్చారు. 2016లో అదే పార్టీ తరఫున ట్రంప్ నిలబడితే 45 దగ్గర ఆగింది. ఎవరూ పేరు వినని మెక్‌మలిన్ అనే స్వతంత్ర మోర్మన్ అభ్యర్థికి 21 శాతం పడ్డాయి. గెలుపు మారలేదు, మొహమాటం మాత్రం బయటపడింది.

ఇంతవరకు బాణం ఒకే వైపు గీశాను: చర్చి నుంచి ఓటుకు. నా వృత్తిలో మొదటి పాఠం, బాణాన్ని తిప్పి చూడమని. మైకేల్ హౌట్, క్లాడ్ ఫిషర్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 2002లో ఒక సంగతి బయటపెట్టారు. 1990లలో, తమకు ఏ మతమూ లేదని చెప్పే అమెరికన్లు 7 శాతం నుంచి 14 శాతానికి పెరిగారు. వారిలో చాలామంది దేవుడి మీద నమ్మకం పోయినవారు కాదు. మతమంటే ఫాల్‌వెల్ రాజకీయమే అయితే ఆ ముద్ర మాకొద్దని విడిచిపెట్టినవారు. ఎదురు వైపు కూడా ఇదే జరిగింది. 2016లో ఎవాంజెలికల్‌ను కాదని చెప్పిన తెల్లజాతి ట్రంప్ అభిమానుల్లో దాదాపు ఆరుగురిలో ఒకరు, 2020 నాటికి అవునని చెప్పారని సర్వేలు చేసే ప్యూ సంస్థ తేల్చింది. ముందు పార్టీ, తర్వాత మారుమనసు. ఒహాయో వానలో పెద్దాయన కొడుకు చర్చి మానేసి కెర్రీ వైపు వెళ్ళాడా, కెర్రీ వైపు మొగ్గి చర్చి మానేశాడా? ఇరవై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఆయన్నే అడిగి ఉండాల్సింది.

జనాభా మారితే ఫలితం దానంతట అదే మారుతుందని ఒక సిద్ధాంతం చాలా కాలం నడిచింది. తెల్లవారి వాటా తగ్గుతోంది, కాబట్టి డెమోక్రాట్లకు ఇక తిరుగులేదని. నాకు అది ఎప్పుడూ మింగుడు పడలేదు. మనుషుల్ని రంగుల వారీగా కూడి, వారు మారరనుకుని వేసిన కూడిక అది. టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దున స్టార్ కౌంటీ ఉంది. నూటికి 97 మంది హిస్పానిక్‌లు. 2016లో హిల్లరీ క్లింటన్ అక్కడ 60 పాయింట్ల తేడాతో గెలిచారు. 2020లో బైడెన్‌కు మిగిలింది 5. 2024లో ట్రంప్ గెలిచారు, వందేళ్ళు దాటాక అక్కడ గెలిచిన తొలి రిపబ్లికన్. ధరలు, సరిహద్దు, ఉద్యోగాలు, అన్నీ ఉన్నాయి అందులో. మిషిగన్‌లో డియర్‌బార్న్ చూడండి. అరబ్బు మూలాల ముస్లింలు ఎక్కువ. 2020లో బైడెన్ వైపు మూడింట రెండు వంతులకు పైగా ఉన్న ఊరు, గాజా యుద్ధం తర్వాత 2024లో ట్రంప్‌కు 42, హ్యారిస్‌కు 36, గ్రీన్ పార్టీ స్టైన్‌కు 18 శాతం ఇచ్చింది. మతం మారలేదు, మనుషులు మారలేదు. ఓటు మారింది.

మనవాళ్ళ సంగతి చెప్పకపోతే ఇంటికి పోనివ్వరని తెలుసు. 2017 నాటికే అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు నాలుగు లక్షలు దాటారు. ఉషా చిలుకూరి వాన్స్ పేరు అందరికీ తెలుసు. ఆంధ్ర మూలాలున్న హిందూ కుటుంబంలో పుట్టినావిడ. భర్త జె.డి. వాన్స్, 2024లో ట్రంప్‌తో జంటగా ఉపాధ్యక్ష పదవికి నిలబడినవారు, 2019లో క్యాథలిక్ అయ్యారు. ఎదుటి పక్షాన కమలా హ్యారిస్, తల్లి తమిళ హిందువు, ఆమె మాత్రం బాప్టిస్టు. 2024లో ఓటరుకు దొరికిన రెండు జంటల్లోనూ మన వైపు గుడి వాసన ఉంది. దాన్నిబట్టి ఎంతమంది ఓటేశారు? కార్నెగీ సంస్థ సర్వే ప్రకారం భారతీయ అమెరికన్లలో డెమోక్రాట్ల మద్దతు 2020లో 68 శాతం, 2024లో తల్లి వైపు నుంచి మనమ్మాయే నిలబడినా 61. జారినవారిలో ముఖ్యంగా 40 ఏళ్ళలోపు మగపిల్లలున్నారు. ఈ పిల్లలు ఏ గుడిలో ఎవరి పక్కన కూర్చుంటారో, అసలు కూర్చుంటారో లేదో చెప్పే లెక్క లేదు. అమెరికాలో హిందువులు నూటికి ఒకరు. వెయ్యి మందిని అడిగే సర్వేలో పదిమంది దొరుకుతారు. పదిమందితో ఏ మాస్టారూ పట్టిక వేయడు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (ఒక విద్యార్థి): చర్చికి వెళ్ళేవారే తగ్గిపోతున్నారు కదా సార్, మరి ఎన్నికల్లో మతం బలం కూడా తగ్గాలి కదా?

తగ్గుతున్న మాట నిజం. 1999లో 70 శాతం మంది ఏదో ఒక చర్చిలోనో, ప్రార్థనా మందిరంలోనో సభ్యులు. 2020లో 47. సగం కన్నా కిందికి దిగడం గాలప్ లెక్కల్లో అదే మొదలు. కానీ ఎన్నికలో జనాభాను లెక్కించరు నాయనా, వచ్చి వేసిన ఓటును లెక్కిస్తారు. వారం వారం ఒకచోటికి వెళ్ళే అలవాటున్న మనిషి నాలుగేళ్ళకోసారి ఇంకోచోటికి కూడా వెళ్తాడు. పైగా అతను రాకపోతే అడిగేవారుంటారు. చర్చి మానేసినవాడిని అడిగేవారెవరు? మతం లేనివారికి ఆదివారం కరపత్రం ఎక్కడ పంచాలో ఏ పార్టీకీ ఇంతవరకు తెలియలేదు. ఫోనులో పంచుతున్నారు. అది అంత పని చేస్తున్నట్టు నాకు కనబడటం లేదు.

ప్రశ్న (ఒక పెద్దావిడ): మా అబ్బాయి డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు బాబూ. పద్దెనిమిదేళ్ళయింది వెళ్ళి, ఇంకా గ్రీన్ కార్డు రాలేదు. మనవరాలు అక్కడే పుట్టింది. దానికి ఓటు వస్తుందట, వాడికి రాదట. ఇదేం న్యాయం? అది ఎవరికి వేస్తుందంటారు?

న్యాయం సంగతి నన్నడగకండమ్మా, వరుసలో మీ అబ్బాయితో పాటు లక్షలమంది ఉన్నారు. అక్కడ పుట్టింది కాబట్టి అమ్మాయి పౌరురాలు, 18 నిండితే ఓటు. ఇంట్లో మొదటి ఓటరు ఆమే అవుతుంది, తండ్రి పక్కన నిలబడి నేర్చుకునే అవకాశం లేదు. ఎవరికి వేస్తుందో నేను చెప్పలేను. ఫోను చేసినప్పుడు అది అడగకండి, పిల్లలకు నచ్చదు. నమోదు చేసుకుందా అని అడగండి. టెక్సాస్‌లో ఎన్నికకు 30 రోజుల ముందే గడువు అయిపోతుంది. కొత్తగా నమోదయ్యేవారికి ఆన్‌లైన్‌లో కుదరదు. ఫారం నింపి, సంతకం పెట్టి, పోస్టులో వేయాలి, లేదా వెళ్ళి ఇవ్వాలి. ఆ వయసు పిల్లలకు పోస్టు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు. అది మాత్రం మీ అబ్బాయి చూపించవచ్చు.